బ్రిటా పేరు లేని కేకు

శుక్రవారం పొద్దున ఆర్డిస్ పెట్టుకున్న పనులు రెండే. వరండా కడగడం, ఆదివారం విందు కేకు మీద ఏం రాయాలో బేకరీకి చెప్పడం. మనవరాలు బ్రిటా జీవశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకోబోతోంది. "అభినందనలు బ్రిటా" అన్న బోర్డు అప్పుడే ముంగిట్లో పాతేశారు. ఆ తర్వాత పిల్ల ఒరెగాన్ తీరంలో పక్షుల కేంద్రంలో ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. భర్త శ్మశానానికీ, కూతురు అరిజోనాకీ వెళ్ళాక ఈ మిన్నెసోటా ఇంట్లో ఆర్డిస్‌కి మిగిలింది బ్రిటాయే. అందుకే వరండాని అవసరానికి మించి కడుగుతోంది.

"అమ్మమ్మా, ఈ యేడు డిగ్రీ తీసుకోకుండా ఇంకో యేడాది ఆగితే? భూగర్భశాస్త్రం రెండో ముఖ్య సబ్జెక్టుగా చదవచ్చు," అంది బ్రిటా, కాఫీ కప్పులోకి చూస్తూ.

"రాళ్ళ మీద నీకింత ప్రేమ ఎప్పుడు పుట్టిందే?"

"మొన్నే. ఇంకా తేల్చుకోలేదు. సాయంత్రంలోగా కాలేజీకి చెప్పాలి. అందాకా ఎవరితోనూ అనకు."

"నాదేముంది, నీ ఇష్టం," అంది ఆర్డిస్, నవ్వు బయటపడకుండా పెదవులు బిగించి.

పిల్ల సైకిలెక్కి లైబ్రరీకి వెళ్ళగానే బేకరీకి ఫోన్ చేసింది.

"వెర్లిన్, కేకు మీద బ్రిటా పేరు రాయకు."

"అయ్యో, ఏమైందండీ?"

"అడక్కు నాయనా. నేను చెప్పలేను." సంతోషం పట్టలేక ఆవిడ ముక్కు చీదుకుంది.

"మరి... కేకు కావాలా?"

"కావాలి. జనం ఎలాగూ వస్తారుగా."

ఆ ఊళ్ళో ఎవరికైనా కష్టం వస్తే ఏమైందని అడగరు. బంగాళాదుంపలూ మాంసమూ పేర్చి, పైన చీజ్ వేసి కాల్చి, గిన్నె అడుగున తమ పేరు అతికించి తెచ్చిస్తారు. వాన గురించి రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోతారు.

మధ్యాహ్నానికి పక్కింటి లవోన్ గిన్నె పట్టుకుని వచ్చింది. "వేడిగా ఉంది, జాగ్రత్త. వాన పడేలా ఉంది కదూ," అంటూ కళ్ళు తుడుచుకుంది.

"ఎందుకే ఏడుస్తున్నావు?"

"ఉల్లిపాయలు తరిగానులే."

తర్వాత వచ్చినవాళ్ళందరూ ఉల్లిపాయలు తరిగినట్టే ఉన్నారు. ఫ్రిజ్ నిండింది. ఎదురింటాయన టోపీ తీసి, ముంగిట్లో బోర్డును మెల్లగా పెరికి పట్టుకుపోయాడు. పిల్ల ఆగిపోతున్న సంగతి ఎలాగో ఊరంతా పొక్కిందనుకుంది ఆర్డిస్. ఇంతలో పాస్టర్ గారు వచ్చారు.

"తట్టుకోగలుగుతున్నారా ఆర్డిస్ గారూ?"

"నిజం చెప్పనా? నాకు చాలా సంతోషంగా ఉంది."

ఆవిడ ఇచ్చిన కాఫీ కప్పు పాస్టర్ గారి చేతిలో గాల్లోనే ఆగిపోయింది.

"ఇక ఎక్కడికీ పోదుగా! ఇక్కడే ఉంటుంది."

"అవును. మీ ఆయన పక్కనేనా?"

"ఆయన పక్కనెందుకూ? మేడ మీద గదిలో!"

అప్పుడే తలుపు తోసుకుని బ్రిటా వచ్చింది. "మన బోర్డు ఎవరు పీకారమ్మమ్మా?"

కప్పు పగిలింది. కంచె అవతల నుంచి కేక వినిపించింది. లవోన్ పరుగెత్తుకొచ్చి, బ్రిటాని వాటేసుకుని, బుగ్గలు గిల్లి చూసి, "బతికే ఉన్నావా! అయితే నా గిన్నె నిదానంగా ఇద్దురుగాని," అంది.

అందరూ వెళ్ళాక బ్రిటా ఫ్రిజ్ తెరిచి గిన్నెలన్నీ లెక్కపెట్టింది.

"ఒక్క ఫోనుకి ఇంతమందా!"

"వాళ్ళకేం పనిలే."

"నాకు రాళ్ళంటే ఇష్టమేం లేదమ్మమ్మా. నిన్నొక్కదాన్నే వదిలి ఎలా వెళ్ళడమా అని భయపడ్డాను, అంతే. ఇప్పుడా భయం లేదు."

ఎలాగైనా పిల్లని ఆపాలని, వీళ్ళ వంట తనకు పడదని చెబుదామనుకుంది ఆర్డిస్. నడుం నొప్పి కూడా ఉందని చెప్పవచ్చు. చివరికి, "కాలేజీ వాళ్ళు వెళ్ళిపోతారేమో, డిగ్రీ తీసుకుంటానని త్వరగా చెప్పు," అని ఫోన్ అందించింది.

ఆ హడావుడిలో ఇంకెవరో చెప్పుంటారనుకుని బేకరీ వెర్లిన్‌కి ఎవరూ చెప్పలేదు. ఆదివారం కేకు వచ్చింది. దాని మీద నీలం క్రీముతో "మీ దుఃఖంలో మేమూ ఉన్నాం" అని ఉంది. బ్రిటా పడీపడీ నవ్వి, గీకేయడానికి చాకు తీసింది.

"ఉండనీవే," అంది ఆర్డిస్. "ఊరంతటిలో నా సంగతి సరిగ్గా రాసింది వాడొక్కడే."