మామగారి ఫోనెక్కిన పదిమంది

ఆ ఉదయం ఆ ఇంటి ఏర్పాటు చాలా సులువైనది. పదకొండు గంటలకు కోడలు ముందుగది తలుపేసుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుని ఉద్యోగం ఇంటర్వ్యూలో మాట్లాడాలి. మిగిలినవాళ్ళు మాట్లాడకూడదు. మొదటి పనికి కోడలు వారం నుంచి తయారవుతోంది. రెండోదానికి మాత్రం ఎవరూ తయారు కాలేదు.

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో, జనం ఫోన్ చేసి చెప్పే ఫిర్యాదులు వినే ఉద్యోగం అది. పిల్ల పుట్టినప్పుడు పాత ఉద్యోగం మానేసిన కోడలు, పిల్ల బడికి వెళ్ళడం మొదలుపెట్టాక తొక్కని గడప లేదు. ప్రతిచోటా "మధ్యలో ఇన్నేళ్ళు ఏం చేశారు?" అని అడగడం, జవాబు సగంలో ఉండగానే నమస్కారం పెట్టడం. ఈ కంపెనీ ఒక్కటే రెండో మాట దాకా వచ్చింది. ఇదీ జారిపోతే ఇక ఎవరి గుమ్మం ఎక్కేది లేదని ముందురోజే మొగుడితో తెగేసి చెప్పింది. అతను "నీకేం, వస్తుంది" అని ధైర్యం చెప్పి, తెల్లవారగానే తన ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

వీధి చివర నీళ్ళ గొట్టం కోసం తవ్వుతున్న పొక్లెయిన్, ఉదయం టిఫిన్ల వేళకు గొట్టాన్ని వదిలేసి నెట్ కేబుల్‌ని పైకి లాగింది. మట్టిలోంచి వేరుశనగ మొక్క లాగినంత తేలిగ్గా లాగిందట. వీధి వీధంతా ఒక్కసారి మూగపోయింది. జనం గుమ్మాల్లోకి వచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, "మీక్కూడా లేదా?" అని తృప్తిపడి లోపలికి వెళ్ళారు. ఇంట్లో కేబుల్ నెట్ ఉందన్న ధీమాతో ఫోన్లలో డేటా వేయించుకోవడం ఆ వీధిలో అందరూ ఎప్పుడో మానేశారు. కోడలి ఫోన్ చూడబోతే, బకెట్లో మునిగిన పుణ్యాన రిపేరు షాపులో పడుకుని ఉంది.

ఇక మిగిలింది మామగారి ఫోన్. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఉద్యోగాన్ని వదిలారు గానీ ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. నలుగురు కనిపిస్తే తలలు లెక్కపెడతారు. గుమ్మంలో ఎవరైనా నిలబడితే "లోపలికి జరగండి, లోపల ఖాళీయే" అంటారు. కొడుకు ఆయనకు ఫోన్ కొనిచ్చి నిండా డేటా వేయించాడు. ఆయన దాన్ని టైము చూసుకోవడానికి వాడుతున్నారు, చేతికి గడియారం ఉండగానే.

"మామయ్యా, మీ ఫోన్లో నెట్ నా లాప్‌టాప్‌కి ఇస్తారా?"

"ఇవ్వనా మరి! తీసుకో. వైరు ఏది?"

"వైరు అక్కర్లేదు. గాల్లోనే వస్తుంది."

"గాల్లోనా? మధ్యలో ఈగ అడ్డం వస్తే?"

"ఏమీ కాదు మామయ్యా."

"గోడ అడ్డం వస్తే?"

కోడలికి ఒకవైపు టైము ముంచుకొస్తోంది. పాస్‌వర్డ్ పెడితే ముసలి లాప్‌టాప్ తప్పు తప్పు అంటోంది. విసుగొచ్చి ఆ పాస్‌వర్డ్ తాళమే తీసేసింది. ఈయన్ని ఎలాగోలా ఊరుకోబెట్టాలని, ఆయనకు తెలిసిన భాషలో చెప్పింది.

"మీ ఫోన్ ఒక బస్సు అనుకోండి. నా లాప్‌టాప్ అందులో ఎక్కింది. ఇదిగో చూడండి, ఒకటి అని చూపిస్తోంది కదా, అది నేనే."

మామగారి కళ్ళు మతాబుల్లా వెలిగాయి. "ఎంతమంది పడతారు?"

"పదిమంది. కానీ ఎవరూ ఎక్కరు. ఫోన్ తలుపు బయట ఈ స్టూలు మీద పెడుతున్నా, మీరు దీని దగ్గర కూర్చోండి. ఫోన్ మాత్రం కదపకండి."

ఆ రోజు జరిగినవాటిల్లో తప్పంటూ ఏదైనా ఉంటే, అది ఒక కండక్టరు చేతిలో బస్సు పెట్టి కదపవద్దనడమే.

తలుపు మూసుకుంది. లోపల్నుంచి "గుడ్ మార్నింగ్ మేడమ్" అని వినిపించింది. మామగారు స్టూలు పక్కన కుర్చీ వేసుకుని, అంకె మీద చూపు నిలిపి కూర్చున్నారు. చూస్తుండగానే ఒకటి కాస్తా రెండు అయింది. రెండోదాని పేరు చోట అక్షరాలూ అంకెలూ కలగలిపి ఉన్నాయి. అది ఆయనకు మనిషి పేరులా లేదు, బండి నంబరులా ఉంది. బస్సులోకి బస్సు ఎక్కడం ఆయన సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి గుసగుసగా అడిగారు. "ఏమేవ్, నువ్వేమైనా ఎక్కావా?"

"ఎక్కడికి ఎక్కనూ? ఈ మోకాళ్ళతో పీట ఎక్కలేక చస్తుంటే!" అంది అత్తగారు, కొంగు కింద ఏదో సర్దుకుంటూ.

తిరిగి వచ్చేసరికి మూడు. మొహం చూడకుండా మనిషిని ఎక్కించుకున్న పాపం ఆయన ఎరగరు. ఎవరు వీళ్ళు? ఏ తలుపులోంచి ఎక్కారు? ఎక్కినవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు? లోపలున్న కోడల్ని అడుగుదామంటే తలుపు మూసి ఉంది. ఊరుకుందామంటే ప్రాణం ఒప్పుకోలేదు. ఫోన్ పట్టుకుని మెట్ల దాకా వెళ్ళి చూసొద్దామనుకున్నారు. మెట్లు నాలుగడుగుల దూరమే. నాలుగడుగులు కదపడం కదపడం కిందికి రాదని ఆయనే తీర్పు చెప్పుకున్నారు.

మెట్ల మీద పై అంతస్తు డ్రాయింగు మాస్టారు ఫోన్లో తల దూర్చి కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా మాస్టారూ, నువ్వేనా ఎక్కింది?"

"ఎక్కడం ఏంటండీ? ఏదో తాళం లేని నెట్ కనిపిస్తే తగిలించుకున్నాను. మీదా? అన్నదాత సుఖీభవ!"

మామగారికి కోపం రాలేదు, అబ్బురం వేసింది. "నన్ను ముట్టుకోకుండా, నాకు చెప్పకుండా, నా జేబులోకి ఎలా దూరావయ్యా? ఏదీ, ఓసారి చూపించు."

మాస్టారు దిగి చూపించాడు, మళ్ళీ ఎక్కి చూపించాడు. మామగారు చిన్నపిల్లాడిలా కూర్చుని చూశారు. తర్వాత అసలు సందేహం పుట్టింది. "ఇప్పుడు నేను నడిస్తే, నువ్వు కూడా వస్తావా?"

"కొంతదూరం వస్తానేమో. ఎంతదూరమో నాకూ తెలీదు."

ఇద్దరికీ తెలియని సంగతి తేల్చుకోకుండా ఉండడం ఇద్దరి వల్లా కాలేదు. మామగారు మెట్లు దిగారు. సిగ్నల్ తగ్గుతుంటే మాస్టారు వెనకే దిగాడు. వీధిలోకి వచ్చాక అంకె ఒకటికి పడిపోయి, మళ్ళీ రెండు, మూడు, నాలుగు అంటూ పెరగడం మొదలుపెట్టింది. టైలరు మెళ్ళో టేపుతో బయటికి వచ్చి, "ఇప్పుడే మా చెల్లెలు వీడియోలో కనపడిందండీ, మీరు అటు వెళ్తే పోతోంది" అంటూ వెంట నడిచాడు. ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్‌తోనే కదిలాడు. మంగలి షాపులోంచి ఒక పెద్దమనిషి సగం గడ్డం నురగతో, సగం గడ్డం లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఆయన వెనక కత్తి పట్టుకుని మంగలి పరిగెత్తాడు. చూసేవాళ్ళు ఇదేదో హత్య అనుకుని, కారణం తెలుసుకుందామని వాళ్ళూ వచ్చి, తీరా సంగతి తెలిశాక ఫోన్లు తీశారు. వీధికుక్కలు కూడా వెనక నడిచాయంటారు గానీ, వాటికి ఫోన్లు లేవు కాబట్టి ఆ మాట నేను నమ్మను.

"ఎనిమిది... తొమ్మిది... పది! ఫుల్!" అన్నారు మామగారు. ఎన్నాళ్ళకు అన్నారో ఆ మాట!

అక్కడ ముందుగదిలో కోడలు "మధ్యలో ఇన్నేళ్ళు ఏం చేశారు?" అన్న ప్రశ్నకు ఎంతో అందంగా జవాబు చెప్పి, తెర మీద ఆఫీసరమ్మ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోతే, తన జవాబుకే నివ్వెరపోయిందనుకుంది. మరీ అంతసేపు నివ్వెరపోయేంత గొప్ప జవాబు కాదని తర్వాత అనుమానం వచ్చింది. తలుపు తీసింది. స్టూలు ఉంది. కుర్చీ ఉంది. బస్సు లేదు.

పైన ఇస్త్రీ కోటు, కింద ఇంట్లో కట్టుకునే పాత చీర కుచ్చిళ్ళు, కాళ్ళకు ఒకటి తనదీ ఒకటి మొగుడిదీ చెప్పులు. తెరిచిన లాప్‌టాప్‌ని పళ్ళెంలా చేతుల మీద పెట్టుకుని ఆవిడ వీధిలో పరిగెత్తింది.

"మామయ్యా! మామయ్యా, ఆగండి! ఎక్కట్లేదు!"

మామగారు వెనక్కి తిరగను కూడా తిరగలేదు. అలవాటైన నాలుక కదా, దాని పని అది చేసుకుపోయింది. "ఖాళీ లేదమ్మా, వెనక బండిలో రా!"

తర్వాత తిరిగి చూశారు. ఆవిడ మొహం చూశాక ఆయన మొహంలో రక్తం చుక్క లేదు.

"అయ్యో తల్లీ! నీ పరీక్ష! దిగండి, దిగండి! ఎవరో ఒకరు దిగండయ్యా, అమ్మాయికి చోటివ్వండి!"

"నేను మొదట్నుంచీ ఉన్నానండీ" అన్నాడు మాస్టారు.

"మా చెల్లెలు ఏడుస్తోందండీ, ఇప్పుడు దిగితే బాగుండదు" అన్నాడు టైలరు.

"నేనే దిగుదామంటే నా చేతులకు సబ్బుంది" అన్నాడు సగం గడ్డం పెద్దమనిషి.

"ఇన్ని మాటలెందుకు, ఇలా ఇవ్వండి మామయ్యా" అని కోడలు ఫోన్ లాక్కుని బటన్ నొక్కేసింది. పదిమందీ ఒక్కసారి "అబ్బా" అన్నారు. అదే క్షణంలో మేడ మీది కిటికీలోంచి అత్తగారి కేక వినిపించింది. "ఏమండీ! మీరు వీధిలోకి వెళ్ళినప్పట్నుంచీ నా టాబ్లెట్లో అల్లికల పాఠం ఆగిపోయింది. ఏం చేశారు?"

మామగారు పైకి చూశారు. "ఆ నంబరు నీదా! మోకాళ్ళన్నావు?"

"నేను ఎక్కలేదు. పైన ఏదో పేరు వస్తే నొక్కానంతే!"

ఆ పంచాయితీ తెగేలోపు కోడలు తాళం పెట్టింది. ఉదయం మొరాయించిన లాప్‌టాప్, ఈసారి ఆవిడ చూపు చూసి మారుమాట లేకుండా ఒప్పుకుంది. మంగలి షాపులో పెద్దమనిషి ఖాళీ చేసిన కుర్చీలోనే కూర్చుంది. ఎదుట అద్దం ముందు, కత్తులూ దువ్వెనల మధ్య, లాప్‌టాప్. మామగారు ఫోన్ని రెండు చేతులా పట్టుకుని పక్కన కొయ్యలా నిలబడ్డారు. చేసిన తప్పు జనానికి కూడా తెలిసొచ్చినట్టుంది, గుమ్మం నిండా నిలబడి ఒక్కరూ దగ్గలేదు.

ఆఫీసరమ్మ మళ్ళీ తెర మీదికి వచ్చింది. "గది మారినట్టుందే?"

"మారిందండీ. నెట్ నడుచుకుంటూ వెళ్ళిపోతే దాని వెనక రావాల్సి వచ్చింది. క్షమించండి."

ఆవిడ నవ్విందో లేదో తెలియలేదు. "సరే, ఆఖరి ప్రశ్న. ఒకాయన ఫోన్ చేసి 'పని చెయ్యట్లేదు' అని తప్ప ఇంకేమీ చెప్పడు. అరుస్తుంటాడు. మీరు మొదట..."

అక్కడితో బొమ్మ ఆగిపోయింది. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి.

గుమ్మంలో జనమంతా మామగారి వైపు తిరిగారు.

"నేను కదల్లేదు! ఒట్టు! ముక్కు దురద పెడుతున్నా గోక్కోలేదు!" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మాయ్, నా వల్ల పోయిందటే నీ ఉద్యోగం?"

కోడలు ఏడ్చే వంతు తనదే అయినా ఏడవలేదు. ఫోన్ వంక చూసింది, సిగ్నల్ నిండుగా ఉంది. లాప్‌టాప్‌లో ఇంకో పేజీ తెరిచింది, తెరుచుకుంది. "మీది కాదు మామయ్యా. మనది బాగానే ఉంది. పోయింది అవతలి వాళ్ళది" అంది. మంగలి ఫోన్ అడిగి తీసుకుని, కంపెనీ నంబరుకు కలిపింది.

"మేడమ్, నేనే, ఇప్పటిదాకా మీతో మాట్లాడినదాన్ని. మీకు తెర ఆగిపోయిందా?"

"పని చెయ్యట్లేదమ్మా! ఇక్కడ ఏదీ పని చెయ్యట్లేదు! పొద్దుట్నుంచీ ఇదే గోల!" అవతల ఆఫీసరమ్మ అరుస్తోంది.

"అర్థమైందండీ. మీరు కూర్చోండి. ఇప్పుడు మీకు నెట్ ఎక్కడ్నుంచి వస్తోంది? ఆఫీసుదేనా?"

"మా రోడ్డు కూడా తవ్వేశారమ్మా. మా డ్రైవరు ఫోన్లోంచి తీసుకున్నాను."

"డ్రైవరు ఎక్కడున్నాడండీ?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. కిటికీ తీసిన చప్పుడు.

"టీ తాగొస్తానన్నాడు" అంది ఆఫీసరమ్మ, గొంతు బాగా తగ్గించి.

"ఫోన్?"

"అతని జేబులోనే ఉంది."

"అయితే మీ లాప్‌టాప్‌కి ఏమీ కాలేదు మేడమ్, కంగారు పడకండి. ఎవరినైనా అతని వెనక పంపించండి. దొరికాక ఫోన్ మీ బల్ల మీద పెట్టించండి. అతన్ని తిట్టకండి, నెట్ తన వెంట వస్తుందని పాపం అతనికి తెలిసి ఉండదు."

మామగారు తల వంచుకున్నారు. అవతల చాలాసేపు నవ్వు వినిపించింది.

"నేనడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేసింది. సోమవారం వచ్చి చేరండి."

మంగలి షాపు అదిరిపోయింది. సగం గడ్డం పెద్దమనిషి టైలర్ని కావలించుకుంటే టైలరు భుజమంతా నురగ అయింది. మామగారు ఒక్కరే కదల్లేదు. కదలవచ్చని కోడలు చెప్పేదాకా అలాగే నిలబడ్డారు.

సోమవారం ఆఫీసులో ఆమెకు అప్పగించిన మొదటి పని, అప్పటికీ తిరిగిరాని ఆ డ్రైవరును వెతికి పట్టుకోవడం.