కుప్పం డబ్బాల మీద మచ్చలు

ఆ రోజుకు ప్రసన్నలక్ష్మి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కుప్పం నుంచి వచ్చే మూడు ప్లాస్టిక్ డబ్బాలను పరీక్షించి, మధ్యాహ్నానికి రిపోర్టు రాసేసి, జలుబుకు మాత్ర వేసుకుని ఇంట్లో పడుకోవాలి. మదనపల్లె శివార్లలోని ఆ డబ్బాల ఫ్యాక్టరీలో ల్యాబు అంటే ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఆమె. అంతే.

డబ్బాల లోపల తెల్ల మచ్చలున్నాయని కుప్పంలో కిరాణా కొట్టు నడిపే కృష్ణప్ప ఫిర్యాదు చేశాడు. తప్పు ఫ్యాక్టరీదని తేలితే మిషన్ ఆపరేటర్ మహేష్‌కు ఆ రోజే ఆఖరు. లేదంటే పర్మనెంటు. ఆ ఆర్డరు కాగితం ఓనరు అమర్‌నాథ్ బల్ల మీద సంతకం కోసం కాచుకుని ఉంది.

"పెండ్లయి మూడు నెల్లు కూడా కాలేదు మేడం. రోంత బాగా సూడండి," అని బతిమాలాడు మహేష్.

బాగా చూడటమే కొంప ముంచింది.

వ్యాను డ్రైవర్ శేఖర్ పుంగనూరు మీదుగా వచ్చి డబ్బాలు ల్యాబులో పెట్టి వెళ్ళాడు. మొదటి డబ్బాలో తెల్ల మచ్చ ఒక్కటీ కనిపించలేదు. మూలల్లో మాత్రం జిడ్డుంది. "నూనె ఉండాది సార్," అంది ప్రసన్నలక్ష్మి. అమర్‌నాథ్‌కు సగం మాట చాలు. మిషన్‌లోంచి నూనె కారుతోందని ఒకటో మిషన్‌ను ఆపించి విప్పించాడు.

రెండో డబ్బాలోనూ తెల్ల మచ్చల్లేవు, మూత బిగించే గాడిలో ఎర్రటి రేణువులు దొరికాయి. రంగు సరిగ్గా కలవలేదని రెండో మిషనూ ఆగింది. ముడిసరుకు బస్తాలన్నీ నేల మీద కుమ్మరించారు. రేణువుల పక్కనే గుండ్రటి నల్ల చుక్క ఉంది. ప్లాస్టిక్ మాడిందంటూ అమర్‌నాథ్ మూడో మిషనూ కట్టేయించాడు. ఫ్యాక్టరీలో ఉన్నవే మూడు.

మహేష్ ఖాళీ బస్తా మీద కూలబడ్డాడు. ప్రసన్నలక్ష్మి రిపోర్టు కాగితం ముందు పెట్టుకుంది. చూసింది రాస్తే అతని ఉద్యోగం ఊడుతుంది, రాయకపోతే తనది.

ప్లాస్టిక్ అయితే వేడికి కరగాలి కదా అని ఆ చుక్కనూ రేణువులనూ గీకి వేడి పలక మీద వేసింది. కరగలేదు. పొగ లేచింది. అమర్‌నాథ్ దగ్గుతూ తుమ్ముతూ బయటికి పరుగెత్తాడు. ఊడ్చే గంగులమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చింది.

"ఎవురమ్మా ఈడ తిరగవాత మాడబెట్టింది?"

"తిరగవాతా?"

"జలుబు చేసిండాది, నీకేం తెలుస్తాది! ఆవాలూ మిరప్పొడీ గదమ్మా ఇది!"

ప్రసన్నలక్ష్మి వెంటనే కుప్పానికి ఫోన్ చేసింది. కృష్ణప్ప భార్య మునిరత్నమ్మ తీసింది.

"డబ్బాల్లో ఏమన్నా పెట్టినారా అమ్మా?"

"పెట్టకుండా ఎట్ల పంపేది? ఉత్త డబ్బా ఎవురన్నా పంపుతారా? రెండింట్లో చింతకాయ తొక్కు, ఒగదాంట్లో బెల్లం పెడితి. తొక్కు బాగుండాదా?"

ఆ సంగతి చెప్పాల్సింది శేఖర్. పిలిపించారు.

"నాకే పెట్టినారనుకుంటి మేడం. పుంగనూరులో మా అక్కోళ్ళింట్లో సంగటిలోకి ఖాళీ చేస్తిమి. డబ్బాలు సబ్బుతో కడిగిస్తి గూడా," అన్నాడతను, మెచ్చుకుంటారేమోనని చూస్తూ.

ప్రసన్నలక్ష్మి గబగబా బెల్లం వచ్చిన మూడో డబ్బా తీసింది. సబ్బుకు లొంగని తెల్ల మచ్చలు అందులో అలాగే ఉన్నాయి. తొక్కు పెట్టిన రెండింట్లోనే పోయాయంటే అది పులుపు చేసిన పనే. ఒక మచ్చ మీద ఆమ్లం చుక్క వేసింది. మచ్చ బుసబుసా పొంగి మాయమైంది. కింద ప్లాస్టిక్ నున్నగా మెరిసింది. మళ్ళీ ఫోన్ చేసింది.

"కొట్టుకు సున్నం కొట్టించినారా అమ్మా?"

"అవునమ్మా, పోయిన వారమే! డబ్బాలు మూతల్లేకుండా ఆడనే పేర్చి ఉండె. యాల అడుగుతాండావు?"

మచ్చలు సున్నానివి, ప్లాస్టిక్‌లో ఏ లోపమూ లేదు అని ప్రసన్నలక్ష్మి రిపోర్టు రాసి ఇచ్చింది. మహేష్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి కళ్ళు తుడుచుకున్నాడు. "బతికించినావు మేడం!" అన్నాడు. ఆమెకూ ప్రాణం లేచి వచ్చింది.

అమర్‌నాథ్ ఆర్డరు మీద సంతకం పెట్టాడు. తర్వాత విప్పి పడేసిన మూడు మిషన్లనూ కుమ్మరించిన బస్తాలనూ చూసి కేకలేశాడు. "ఇట్ల అన్నీ ఆపమని ఎవురప్పా చెప్పింది?"

అది తేల్చే పరీక్ష ల్యాబులో లేదు.