చదవకుండా పెట్టిన సంతకం

సోమవారం ఉదయం కాఫీ తాగుతూ సూపరింటెండెంటుగారు భార్యకు తన ప్రణాళిక వివరించారు. ఇరవై ఏళ్ల డిజిటల్ రికార్డులను ఆఫీసు సర్వరు నుంచి ఆర్కైవుకు బదిలీ చేయాలి. నియమాలన్నీ ఆయన రాసినవే. ముందు ఒక ఫోల్డరు పంపి చూడటం, అది సవ్యంగా చేరితే మిగతావి పంపడం. శుక్రవారానికల్లా పని పూర్తయితే డైరెక్టరుగారు ప్రమోషన్ ఫైలు మీద సంతకం పెడతారు. పదకొండేళ్లుగా ఆయన కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తున్న సంతకం అది.

"ముందు ఎవరి ఫోల్డరు పంపుతున్నారు?" అంది భార్య.

"నాదే. ఆఫీసు మొత్తంలో శుభ్రంగా ఉన్నది అదొక్కటే."

పదిన్నరకు ఫోల్డరు వెళ్లింది. పదకొండింటికి ఆర్కైవు నుంచి రసీదు, జాబితా వచ్చాయి. జాబితాలో పన్నెండోది చూసి ఆయన చటుక్కున లేచి నిలబడ్డారు. ఆరేళ్ల కిందట ఒళ్లు మండి డైరెక్టరుగారికి రాసి, భార్య గడ్డం పట్టుకుని బతిమాలితే పంపకుండా ఆపేసిన రాజీనామా లేఖ అది. 'ముందు ఏ కాగితం పెట్టినా చదవకుండా సంతకం చేసే అధికారి కింద ఇక పనిచేయలేను' అని అందులో స్పష్టంగా ఉంది.

వెంటనే ఇంటికి ఫోన్ చేశారు.

"అప్పుడే తీసిపారేయమన్నాను కదండీ," అంది భార్య.

"అప్పుడప్పుడూ తీసి చదువుకునేవాణ్ణి. బాగా కుదిరింది."

తర్వాత ఆర్కైవు అధికారిణికి చేశారు. "మేడం, పన్నెండోది పొరపాటున వచ్చింది. తీసేయండి."

"దానికి మీ డైరెక్టరుగారి ఉత్తర్వు కావాలండి. ఆ రికార్డు కాపీ జతచేసి, దాని మీద కూడా ఆయన సంతకం చేయించాలి. తొమ్మిదో నియమం."

"ఎవరు పెట్టారండీ ఈ తలతిక్క నియమం?"

"మీరే."

ఆయన కాస్త ధైర్యం తెచ్చుకున్నారు. లేఖలో రాసింది నిజమే అయితే భయపడాల్సిన పని లేదు. ఉత్తర్వునూ లేఖనూ ముప్ఫై ఫైళ్ల మధ్య దూర్చి తీసుకెళ్లారు. డైరెక్టరుగారు ఫోన్లో మాట్లాడుతూనే టకటకా సంతకాలు పెట్టేశారు. లేఖ దగ్గరకొచ్చేసరికి అలవాటు కొద్దీ 'ఆమోదించాను' అని కూడా రాశారు. బతుకుజీవుడా అని బయటపడ్డ సూపరింటెండెంటుగారు, ఆ ముక్క చూసుకోకుండానే కాగితాలను ఆర్కైవుకు పంపేశారు.

మంగళవారం ఉదయం ఆఫీసు తలుపు దగ్గరి యంత్రం ఆయన వేలిముద్రను ఒప్పుకోలేదు.

"మీ రాజీనామా ఆమోదించారు కదా సార్," అన్నాడు హాజరు చూసే గుమాస్తా. "ఉద్యోగుల రికార్డు ఏది మారినా ఆర్కైవువాళ్లు మాకు వెంటనే పంపాలట. పదో నియమం." ఆ గుమాస్తా జన్మలో ఏ పనీ అంత తొందరగా చేసి ఎరగడు.

"దాన్ని తీసేయమని ఉత్తర్వు కూడా పంపాను కదయ్యా."

"ఆమోదం పొందిన రాజీనామాను తీసేయకూడదట సార్. పదకొండో నియమం."

సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి ఆయన డైరెక్టరుగారి గదిలోకి వెళ్లారు. జరిగిందంతా చెప్పి లేఖ కాపీ చేతికిచ్చారు. డైరెక్టరుగారు దాన్ని రెండుసార్లు చదివారు.

"చదివే ఆమోదించానంటే మీ ఉద్యోగం పోతుంది. చదవలేదంటే నా పరువు పోతుంది. అంతేగా?"

"అంతే సార్." సూపరింటెండెంటుగారు సిగ్గుతో చితికిపోయారు. "ఏదో కోపంలో రాశాను సార్."

"కోపంలో రాసినా నిజమే రాశారు."

డైరెక్టరుగారు ఒక తెల్లకాగితం తీసుకుని, 'చదవకుండా సంతకం చేశాను. ఈ ఆమోదం చెల్లదు' అని స్వయంగా రాసి సంతకం పెట్టారు. ఆ కాగితం ఆర్కైవులో శాశ్వతంగా ఉండిపోతుందని తెలిసే పెట్టారు. ఆరేళ్లుగా తిట్టుకున్న మనిషి మీద సూపరింటెండెంటుగారికి ఒక్కసారిగా గౌరవం పుట్టుకొచ్చింది.

"ఇకమీదట చదవనిదే దేని మీదా సంతకం పెట్టను," అన్నారు డైరెక్టరుగారు.

రికార్డులన్నీ శుక్రవారానికల్లా సవ్యంగా ఆర్కైవుకు చేరాయి. ప్రమోషన్ ఫైలు మాత్రం మూడు వారాలుగా డైరెక్టరుగారి బల్ల మీదే ఉంది. ఆయన చదువుతున్నారు.