హాల్లో ఒకే ఒక్క మేకు

మా హాల్లో గోడకు ఒకే ఒక్క మేకు ఉంది. రెండోది కొడదామని ఓసారి ప్రయత్నించాను. నాలుగు మేకులు వంగాయి, నా బొటనవేలు వాచింది, గోడకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. కాబట్టి ఆ ఉన్న ఒక్క మేకుకు ఏం తగిలించాలన్నది మా ఇంట్లో చిన్న విషయం కాదు. పైగా అది సరిగ్గా నా పడక్కుర్చీకి ఎదురుగా ఉంది. నేను ఇంట్లో ఉన్నంతసేపూ దాన్నే చూడాలి.

ఇన్నాళ్ళూ దానికి క్యాలెండర్ వేలాడేది. ఒక ఆదివారం మా ఆవిడ దాన్ని వంటింట్లోకి బదిలీ చేసింది.

"ఇక్కడ మన ఫ్యామిలీ ఫోటో పెడదామండీ. ఫోటోలు తీసే అమ్మాయిని మాట్లాడాను. వచ్చే ఆదివారం పదింటికి ఇంటికే వస్తుంది," అంది.

"వచ్చే ఆదివారం నాకు డ్యూటీ!"

"లేదు. మీ డిపోకి ఫోన్ చేసి కనుక్కున్నా."

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. నవ్వనని మాటిస్తేనే చెబుతా. నేను ఇంతవరకూ ఒక్క ఫోటోలోనూ కళ్ళు తెరవలేదు. పెళ్ళి ఫోటోల్లో మా ఆవిడ ఎవరో నిద్రపోతున్న మనిషి పక్కన నిలబడ్డట్టుంటుంది. అప్పుడే పుట్టిన మా అమ్మాయిని ఎత్తుకున్న ఫోటోలో దాని కళ్ళు తెరిచే ఉన్నాయి, నావే లేవు. నా గుర్తింపు కార్డు చూసి డిపో గేటు దగ్గర కొత్త వాచ్‌మన్, "పాపం, ఈయన పోయి ఎన్నాళ్ళయింది?" అని నన్నే అడిగాడు.

"ఈసారి కూడా మూతపడితే?" అన్నాను నసుగుతూ.

"పడితే పడనీండి. అప్పుడా మేకుకి మా తమ్ముడి ఫోటో పెట్టుకుంటాను. అదిగో, వచ్చి కూర్చుంది," అని బీరువా పక్కకు చెయ్యి చూపించింది.

చూద్దును కదా, గుమ్మమంత కట్ట! పాత పేపర్లు చుట్టి, పురికొసతో బిగించి, గోడకు ఆనించి ఉంది.

మా బావమరిదికి నేను పెట్టుకున్న పేరు షోరూమ్. నోరు తెరిస్తే ముప్పై రెండు పళ్ళూ ప్రదర్శనకు వచ్చేస్తాయి. ఆమధ్య ఏదో నడక పోటీలో వాడికి మూడో బహుమతి వచ్చింది. నడిచింది ముగ్గురే అనుకోండి, అది వేరే సంగతి. ఆ కప్పు పట్టుకుని నవ్వుతున్న వాడి కింద, సారీ, వాడి ఎదురుగా నేను జన్మంతా కాఫీ తాగాలా? నాకు ఒళ్ళు మండిపోయింది. వారం రోజులూ ఆ కట్టకు వీపు పెట్టే నడిచాను.

సరే, ఫోటోలమ్మాయికి ఫోన్ చేశాను. "ఏం సిద్ధం చేసుకోవాలమ్మా?"

"ఏమీ అక్కర్లేదు సార్. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. రిలాక్స్‌గా."

"ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా రిలాక్స్‌గా ఉండాలి?"

"మేడమ్ ఉన్నారా సార్?" అంది.

నేను బస్ డిపోలో కంట్రోలర్‌ని. ఏ బస్సు ఏ నిమిషానికి కదలాలో చార్టు రాయడం, విజిల్ ఊది దాన్ని సాగనంపడం, ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఎనభై బస్సుల్ని నిమిషం తేడా రాకుండా నడిపేవాణ్ణి, నలుగురు మనుషుల్ని రిలాక్స్ చేయించలేనా? కూర్చుని చార్టు రాసేశాను. నాలుగు కార్బన్ కాపీలు తీసి తలా ఒకటి పంచాను.

మా ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పైకే చదివింది. "పది గంటల సున్నా నిమిషాలకు కూర్చొనుట. రెండు నిమిషాలకు భార్య భర్త వంక ప్రేమగా చూచుట, ఎనిమిది సెకన్లు. నాలుగు నిమిషాలకు అందరూ విజిల్‌పై సహజంగా నవ్వుట. ఏమండీ, ఎనిమిది సెకన్లా?"

"ఎక్కువైందా?"

"అంతసేపు మీలో ఏం చూడమంటారని అడుగుతున్నా."

పదిహేడేళ్ళ మా అమ్మాయి తన కాపీని అటూ ఇటూ తిప్పింది. "నాన్నా, నాకు 'తండ్రి చెప్పిన మాటకు మురిసిపోవుట' అని రాశావు. ఏ మాట?"

"ఏదో ఒక మాట చెబుతాలే. నువ్వు మురిసిపో."

"ముందే చెప్పు. నేను ప్రాక్టీస్ చేసుకోవద్దూ?"

మా దగ్గరే ఉంటున్న మామగారి కాపీలో ఒకటే వరుస ఉంది: మేలుకొని ఉండుట. ఆయన అది చదువుతూనే కునుకు తీశారు. అందుకే నా లెక్కలో ఆయన కునుకు మామగారు. కుర్చీ దొరికితే చాలు, దొరక్కపోతే నిలబడైనా సరే, కన్ను మూసేస్తారు. కాకపోతే ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. ఫోటోలో ఆయన కళ్ళు మూసుకుంటే ముచ్చటగా ఉందంటారు, నేను మూసుకుంటే కొంప మునిగినట్టు మాట్లాడతారు.

నా కళ్ళకు నేనే శిక్షణ మొదలుపెట్టాను. రోజూ పొద్దున్నే అద్దం ముందు రెప్ప వెయ్యకుండా నిలబడేవాణ్ణి. మూడో రోజుకు కళ్ళు చింతనిప్పులయ్యాయి. డిపోలో డ్రైవర్లు నాకు భయపడి బస్సులు రెండు నిమిషాలు ముందే తీసేశారు. అయినా 'వన్, టూ, త్రీ' అని నాలో నేను అనుకుంటే చాలు, త్రీ దగ్గర రెప్పలు టపీమని పడిపోయేవి.

ఆదివారం ఎనిమిదింటికి నాకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. అమ్మాయి పుస్తకాలకు అట్టలేసే టేపు తెచ్చి, పై రెప్పను కనుబొమకు అంటించేశాను. కనబడదు, రెప్ప పడదు. ఒక కన్ను పూర్తిచేసి రెండోదాని దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ బాత్రూమ్ తలుపు తోసింది.

"అయ్యో, ఏమిటా అవతారం?"

"టెక్నాలజీ."

"ముందది పీకండి!" అని తనే చర్రున పీకేసింది.

టేపు వచ్చింది. దాంతోపాటు సగం కనుబొమ కూడా వచ్చింది. నేను పెట్టిన కేకకు హాల్లో మామగారు కూడా లేచారు.

అమ్మాయి తన కనుబొమల పెన్సిల్ తెచ్చి, పోయిన సగాన్ని దిద్దింది. నవ్వాపుకుంటూ దిద్దడంతో చెయ్యి వణికి, అది నెత్తి వైపు ఎగబాకింది. అద్దంలో చూసుకుంటే, ఎడమవైపు నేను మామూలుగా ఉన్నాను, కుడివైపు ఎవరో నాకు చెప్పకూడని వార్త చెప్పినట్టున్నాను.

"తుడిచెయ్యవే!"

"ఇది నీళ్ళకు పోదు నాన్నా. సాయంత్రానికి అదే పోతుందిలే."

సరిగ్గా తొమ్మిదింటికి ఫోటోలమ్మాయి దిగింది. గంట ముందే! నా చార్టులో ఆ గంట ఖాళీ.

"పదింటికే మొదలెడదాం సార్. ఈలోపు వెలుతురు చూసుకుంటా, అంతే. మీరు నన్ను పట్టించుకోకండి. రిలాక్స్," అంది. కళ్ళు నా కనుబొమ మీదే ఉన్నాయిగానీ, పాపం మర్యాదస్తురాలు, ఏమీ అనలేదు.

తర్వాత తనూ మా ఆవిడా వంటింట్లో ఏదో గుసగుసలాడుకున్నారు. కాఫీలో పంచదార సంగతేమోననుకున్నాను.

ఆ ఖాళీ గంటలో ఆఖరి రిహార్సల్ పెట్టాను. సోఫా ముందు సుద్దముక్కతో నాలుగు గుండ్రాలు గీశాను. ఒక్కో గుండ్రంలో ఒక్కో జత కాళ్ళు. డిపోలో బస్సులు నిలిపే పద్ధతే. ఆ అమ్మాయి కెమెరాతో కిటికీ దగ్గరకూ తలుపు దగ్గరకూ తిరుగుతూ ఏదో టిక్కు టిక్కుమనిపిస్తోంది. వెలుతురు కదా అని నేను పట్టించుకోలేదు.

"నీ ఎడం కాలు గీత దాటింది," అన్నాను మా ఆవిడతో.

"దాటితే ఏమవుతుంది? వెనక బస్సు గుద్దుతుందా?"

"నాన్నా, నాకు రిలాక్స్ అయ్యీ అయ్యీ నడుం నొప్పొస్తోంది," అంది అమ్మాయి.

మామగారి స్టూలు గుండ్రంలో పట్టలేదు. నేను మోకాళ్ళ మీద వంగి, ఆయన కాళ్ళ దగ్గర గీత చెరిపి పెద్దది గీస్తున్నాను. ఆయన అప్పటికే గురక మొదలెట్టారు. వీళ్ళని దారిలో పెట్టాలంటే ఇదొక్కటే మార్గమని, అక్కడే మోకాళ్ళ మీదుండి, జేబులోంచి విజిల్ తీసి ఒక్క ఊపున ఊదాను.

అంతే! మామగారు నిద్రలోనే దిగ్గున లేచి నిలబడ్డారు. "ఆపండి, ఆపండి! నేను దిగాలి! నా స్టాపు!" అని అరుస్తూ, ఊగిపోతూ, పట్టుకోడానికి కమ్మీ కోసం వెతికి, నా జుట్టు దొరకబుచ్చుకున్నారు. రెండో చేత్తో నా నెత్తి మీద టపటపా కొట్టారు. "ఏమయ్యా కండక్టరూ, చెప్పలేదేం?"

మా ఆవిడ సోఫాలో పడి నవ్వింది. అమ్మాయి కింద కూర్చుని పొట్ట పట్టుకుంది. ఆ గోలలో మా ఆవిడ, "ఇప్పుడమ్మాయ్, ఇప్పుడు!" అన్నట్టు నాకు లీలగా వినపడింది. నా జుట్టు నాకు తిరిగొచ్చే సరికి ఆ మాట మరిచిపోయాను.

పదింటికి అసలు కార్యక్రమం జరిగింది. అందరూ గుండ్రాల్లో, అందరూ చార్టు ప్రకారం. ఆ అమ్మాయి నలభై ఫోటోలు తీసింది. అవన్నీ కెమెరాలో చూపించింది. నలభైలోనూ నా కళ్ళు మూసే ఉన్నాయి. ఒకదాంట్లో మరీ ప్రశాంతంగా ఉన్నాను. మామగారు మాత్రం అన్నింట్లోనూ మేలుకునే ఉన్నారు.

నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనయింది. ఎనభై బస్సుల్ని నడిపేవాణ్ణి, రెండు రెప్పల్ని నిలబెట్టలేకపోయాను. "పెట్టుకో," అన్నాను మా ఆవిడతో. "మీ తమ్ముణ్ణే పెట్టుకో. నేను కుర్చీ వరండాలో వేసుకుంటా."

"సరేలెండి," అంది తాపీగా. అంత తాపీ నాకు నచ్చలేదు.

నాలుగు రోజుల తర్వాత డ్యూటీ దిగి ఇంటికొచ్చాను. బీరువా పక్కన కట్ట లేదు. పాత పేపర్లూ పురికొసా నేల మీద ఉన్నాయి. గుండె రాయి చేసుకుని, తల దించుకునే హాల్లోకి వచ్చి, మెల్లగా మేకు వైపు కళ్ళెత్తాను.

మేకుకు నేనున్నాను.

మోకాళ్ళ మీద, చేతిలో సుద్దముక్క, నోట్లో విజిల్, నెత్తికెక్కిన కుడి కనుబొమ, నా జుట్టు పట్టుకుని బస్సు దిగుతున్న మామగారు. కళ్ళు మాత్రం, అబ్బో, సాసర్లంత! జన్మలో మూసినవన్నీ కలిపి ఒక్కసారే తెరిచినట్టున్నాయి.

వెనకే వచ్చి నిలబడిన మా ఆవిడ వైపు తిరిగాను. "మరి మీ తమ్ముడి ఫోటో?"

"వాడెప్పుడు పంపాడండీ? ఆ కట్టలో ఉన్నది ఈ ఫ్రేమే. ముందే కొనిపెట్టాను. వాడి పేరు చెప్పకపోతే మీరు ఆ ఆదివారం ఇంట్లో ఉండేవారా?"

"నా కళ్ళు తెరుచుకుంటాయని నీకెలా తెలుసు?"

"ఓసారి క్యారియర్ ఇవ్వడానికి డిపోకొచ్చాను, గుర్తుందా? మీరు విజిల్ ఊదడం, బస్సు కదిలి మీ మొహాన పొగ కొట్టడం, మీరు కళ్ళు మూసుకోవడం. ఇరవై బస్సులకీ అంతే. ఎవరైనా రెడీ అన్నా మీకు విజిల్ ఊదినట్టే, పొగ వస్తుందని కళ్ళు మూసేస్తారు పాపం. అందుకే ఎవరూ రెడీ అనకుండా తియ్యమన్నా. మిగతాదంతా మా నాన్న చలవ."

ఇరవై రెండేళ్ళ నుంచి ఊదుతున్న నాకు తోచలేదు, ఒక్కసారి క్యారియర్ తెచ్చిన మనిషికి తోచింది! సిగ్గుపడాలో పొంగిపోవాలో తెలియలేదు. రెండూ చేశాను. అప్పుడు చూశాను, ఫోటోలో సోఫా మీద పడి నవ్వుతున్న మా ఆవిడ మామగారి వంక చూడటం లేదు, కెమెరా వంకా చూడటం లేదు. నన్నే చూస్తోంది. ఆ చూపు మా పెళ్ళి ఫోటోల్లో కూడా లేదు. ఉండి ఉంటుందేమో, నేనే కళ్ళు మూసుకుని ఉన్నాను.

"ఎనిమిది సెకన్లేనా?" అన్నాను.

"మేకు ఊడిపోయేదాకా," అంది.

అమ్మాయి ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, అమ్మా, ఆ ఫోటో కింద నిలబడండి, ఒకటి తీస్తా. రెడీ! వన్, టూ, త్రీ!"

ఏముంది, ఆ ఫోటోలో గోడ మీదున్న నేను చూస్తున్నాను, కింద ఉన్న నేను నిద్రపోతున్నాను.