ఇరవై మూడు ఎర్ర గొడుగులు

శనివారం పొద్దున్నే సమాధుల తోటకు వెళ్లి, పుట్టగొడుగులు లెక్కపెట్టి, ఏడున్నరకల్లా ఇంటికొచ్చి ఉప్మా తినాలన్నది జ్ఞానప్రకాశం పథకం. ఇంతకన్నా ప్రమాదం లేని పథకం వేయడం ఆయనకు కూడా సాధ్యం కాదు. హనుమకొండలో ఒక కాలేజీలో పదకొండేళ్లుగా వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటరు. కుక్కలంటే భయం, ఉరుములంటే భయం, సంతకం పెట్టమని ఎవరైనా కాగితం చాపితే మరీ భయం.

అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం ఆగస్టు. నాలుగు రోజులుగా ముసురు వదల్లేదు. కాశిబుగ్గ దాటాక ఉన్న క్రైస్తవుల సమాధుల తోటలో, పాత సమాధుల మధ్య గడ్డిలో, మైనం పూసినట్టు మెరిసే ఎర్రటి పుట్టగొడుగులు మొలిచాయి. వాటి బొమ్మ గీసి పంపితే హైదరాబాదు నుంచి ప్రొఫెసర్ సత్యనారాయణగారు వెంటనే జవాబు రాశారు. ఇవి హైగ్రోసైబి అనే ప్రజాతివి కావచ్చు, నాగలి పడని పాత గడ్డినేలల్లోనే బతుకుతాయి, అలాంటి నేలలు తరిగిపోతున్నాయి, సోమవారం నేనే వచ్చి చూస్తాను, నిజమైతే ఆ నేలను కాపాడమని చర్చి కమిటీకి రాస్తాను, అంతదాకా ఒక్కటీ పోనివ్వకండి. చివరి మాట కింద రెండు గీతలు గీశారు. ఆ గీతలు చూసినప్పటినుంచి జ్ఞానప్రకాశానికి నిద్ర లేదు.

లెక్క ఇరవై మూడుకు తేలింది. ఊపిరి పీల్చుకుని తల ఎత్తేసరికి ఎదురుగా చిలుకమ్మ. వానాకాలమంతా పుట్టగొడుగులు ఏరి ఇంటింటికీ అమ్మే మనిషి. చంకలో గంప, చెయ్యి ఎర్రదాని మీదకు చాపి ఉంది.

"ముట్టకు! విషం అది! ముడితే చెయ్యి పడిపోతది!"

ఆ కేక తన గొంతులోంచే వచ్చిందంటే ఆయనకే నమ్మకం కుదరలేదు. నిజానికి అవి విషమో కాదో ఆయనకు తెలియదు. కాలేజీ లైబ్రరీలోని ఇంగ్లీషు పుస్తకంలో ఈ రకం పక్కన 'తినదగినది' అని రాసి, ఆ మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

చిలుకమ్మ మొహం పాలిపోయింది. "అయ్యో సారూ! గీటి పక్కపొంటి తెల్లయి నిన్న మాపు తెంపి నాలుగిండ్లకు ఇచ్చిన గదా! సుందర్ రావు సారింట్ల ఇచ్చిన. మీ లిదియమ్మకు గూడ ఇచ్చిన. మీరు సుత తినే ఉంటరు!"

"తెల్లవాటికి ఏం కాదు..." అని ఆయన అనేలోపే ఆమె గంప అక్కడే పడేసి ఆ నాలుగిళ్ల వైపు పరుగు తీసింది.

జ్ఞానప్రకాశం ఇల్లు చేరేసరికి భార్య లిదియా ఏడుస్తూ రిక్షా ఎక్కుతోంది. చెయ్యి పట్టుకుని ఆయన్నూ లాక్కెళ్లింది. దవాఖాన వరండాలో నాలుగిళ్ల జనం, మొత్తం పదిహేడుమంది, కడుపులు పట్టుకుని కూర్చున్నారు. డాక్టరు ఎందుకైనా మంచిదని అందరికీ ఉప్పునీళ్లు తాగించమన్నాడు. ఉప్పునీళ్లకు అందరూ వాంతులు చేసుకున్నారు. వాంతులు చూశాక అది విషమేనని అందరికీ రూఢి అయింది. తాను చెప్పింది అబద్ధమని ఒప్పుకోవడానికి జ్ఞానప్రకాశం మూడుసార్లు నోరు తెరిచాడు. మూడోసారి నర్సు ఆ నోట్లోనూ ఉప్పునీళ్లు పోసింది.

అందరికన్నా ఎక్కువ కక్కుకున్నది సుందర్ రావు. రైల్వేలో గార్డుగా రిటైరై, చర్చి కమిటీకి కార్యదర్శి అయిన మనిషి. ఆయన జెండా ఊపాక ఏదీ ఆగదు.

"రేపు ఆరాధన కాంగనే తోట మొత్తం తవ్విపిస్త. జానెడు లోతు మన్ను తీసి సున్నం కొట్టిపిస్త. గడ్డిపోచ మిగలొద్దు!"

ఆదివారం ప్రసంగంలో ఒక్క మాట కూడా జ్ఞానప్రకాశం చెవికి ఎక్కలేదు. ఆరాధన ముగిసి సంఘమంతా తోటకు వెళ్లేసరికి, సమాధులు తవ్వే పోశయ్య ఆరుగురు మనుషులతో, పలుగూ పారలతో సిద్ధంగా ఉన్నాడు. ఎర్ర గొడుగులు గడ్డిలో బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఎవరి జోలికీ పోకుండా ఒక మూల బతికే ప్రాణులు, అచ్చం తనలాగే. తన నోటి మాట వల్ల ఇవాళ వాటి వంశమే పోతోంది.

పోశయ్య పార ఎత్తాడు.

"ఆగుండ్రి! అది విషం కాదు. నేను అబద్ధం చెప్పిన!"

సుందర్ రావు మెల్లగా తిరిగాడు. "అబద్ధమైతే మేమెందుకు కక్కుకున్నం?"

"ఉప్పునీళ్లకు, అన్నా."

"డాక్టరు కంటె నీకెక్కువ తెల్సా? సరే, విషం గాదంటానవ్ గదా. తిను. సాయంత్రం అయిదు గంట కొట్టేదాక బతికుంటె తవ్వుడు బంద్."

జ్ఞానప్రకాశానికి ఆ పుస్తకంలోని ప్రశ్నార్థకం కొడవలంత పెద్దదై కళ్ల ముందు నిలబడింది.

"వద్దండి!" అంది లిదియా. "తవ్వుకోనీయుండ్రి. మీకేమన్న అయితే నా గతేంది?"

"పచ్చివి తినొద్దు. వండాలె" అన్నాడాయన, కాస్త గడువు దొరుకుతుందన్న ఆశతో. సుందర్ రావు అప్పటికే పోశయ్య గుడిసెలోంచి కిరసనాయిలు స్టవ్వు తెప్పించాడు. లిదియా ఉల్లిగడ్డ కోసింది. ఆ కన్నీళ్లలో ఉల్లిగడ్డవెన్నో మొగుడివెన్నో ఎవరికీ తెలియలేదు. జ్ఞానప్రకాశం ఒక ఎర్ర గొడుగును తన చేత్తోనే తెంపి ఇచ్చాడు. పన్నెండు గంటలకు, కళ్లు మూసుకుని, మింగాడు.

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అలవాటు కొద్దీ మధ్యలో సమాధి ఆరాధన మాటలు దొర్లితే లిదియా గొల్లుమంది. పోశయ్య వచ్చి పక్కన కూర్చుని, ఆయన్ను తల నుంచి కాళ్లదాకా ఒకసారి చూశాడు.

"ఫికర్ చెయ్యకు సారూ. తూర్పు మూలకు మెత్తటి జాగ ఉంది."

ఒంటిగంటకు నాలుక మొద్దుబారినట్టనిపించింది. రెండింటికి కాళ్లు చల్లబడ్డాయి. తడి గడ్డిలో రెండు గంటలుగా కూర్చున్నానన్న సంగతి ఆయనకు తట్టలేదు. మూడింటికి మనసులోనే భార్యకు క్షమాపణ చెప్పుకున్నాడు. నాలుగింటికి కడుపులోంచి పెద్ద శబ్దం వచ్చింది. సంఘమంతా పది అడుగులు వెనక్కి వేసింది.

"ఏమైతాందండి?" లిదియా భుజాలు పట్టుకుని ఊపింది.

జ్ఞానప్రకాశం కాసేపు లోపలికి చెవి పెట్టి విన్నాడు. "ఆకలైతాంది" అన్నాడు ఆశ్చర్యంగా.

అయిదు గంట మోగింది. ఆయన ఇంకా ఉన్నాడు. బతికానన్న సంబరంలో, జీవితంలో మొదటిసారి, ఎవరూ అడగని మాట కూడా చెప్పేశాడు.

"ఏం కాలె! పైంగ, మస్తు రుచిగున్నది!"

సుందర్ రావు పారలు వెనక్కి పంపించాడు. గడ్డివైపు చూస్తూ గుటక వేశాడు. చిలుకమ్మ తన గంప వెతుక్కుంది. ఆ చూపులు, ఆ వెతుకులాట జ్ఞానప్రకాశం గమనించలేదు. భార్య భుజం మీద చెయ్యి వేసి అన్నం తినడానికి ఇంటికి పోయాడు.

సోమవారం పొద్దున ప్రొఫెసరుగారిని వెంటబెట్టుకుని వచ్చి చూస్తే గడ్డి పచ్చగా ఉంది. పచ్చగా మాత్రమే ఉంది. ఇరవై రెండింటిలో ఒక్కటీ లేదు. ఉత్తరంలోని రెండు గీతలు ఇప్పుడు తన పేరు కింద పడతాయి.

"అన్నీ ఎవరు తెంపారు?" అన్నారు ప్రొఫెసరుగారు, చుట్టూ మూగిన సంఘాన్ని చూసి. సుందర్ రావు మూతి తుడుచుకున్నాడు.

చిలుకమ్మ ముందుకొచ్చి కొంగుముడి విప్పింది. "ఒకటి దాచిన సారూ. గీ సారు సచ్చిపోతే డాక్టరుకు చూపియ్యాలె గదా అని."

ప్రొఫెసరుగారు దాన్ని భూతద్దంతో చాలాసేపు చూసి, "అదే. హైగ్రోసైబి" అన్నారు. జ్ఞానప్రకాశం ఏడవబోతుంటే ఆపారు. "తెంపితే ఏం కాదయ్యా. మనం తెంపేది కాయలాంటిది. అసలు ప్రాణం దారాల్లాగా మట్టిలో ఉంటుంది. పార పడి, సున్నం పడి ఉంటే శాశ్వతంగా పోయేది. ఇంతకీ తవ్వకుండా ఆపిందెవరు?"

అందరి వేళ్లూ ఒకే మనిషి వైపు లేచాయి. అన్ని వేళ్లు ఒకేసారి తనవైపు లేస్తే ఆయనకు అలవాటైన భయమే వేసింది.

ఆ వారమే కమిటీ తీర్మానం చేసింది. కొత్త సమాధికి తప్ప ఆ గడ్డిలో పార దిగరాదు, ఎరువు పడరాదు. సుందర్ రావు గేటు దగ్గర తన పాత ఎర్రజెండా పాతాడు. ప్రజాతి మీద ప్రేమతో కాదు, కూర మీద ప్రేమతో. ఏటా ఎన్ని మొలిచాయో లెక్క పంపే బాధ్యత ప్రొఫెసరుగారు జ్ఞానప్రకాశానికి అప్పగించారు.

మరుసటి ఆగస్టులో ముసురు పట్టిన మూడో రోజున ఆయన తెల్లవారుతూనే తోటకు పరుగెత్తాడు. కాశిబుగ్గ అంతకన్నా ముందే లేచి గడ్డిని ఊడ్చేసింది. తిరిగొచ్చేసరికి చిలుకమ్మ ఆయన గడపే దిగుతోంది, ఖాళీ గంపతో. ఆయన నోట్‌బుక్కు తెరిచి ఆ ఏటి లెక్క రాసుకున్నాడు: "తొమ్మిది. మా ఇంటి కూరగిన్నెలో."