పాటల ఇటుక

నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నా కుట్టు మిషను మెట్ల కింద చీకట్లోకి పోబోయి ఆగిన వైనం ఇది. పంపబోయింది పరాయివాళ్లు కాదు, నలభై ఏళ్లుగా నేను గుండీలు ఊడకుండా కాపాడుకొస్తున్న చొక్కాల లోపలి మనిషి.

మా ఆయన నలభై రెండేళ్లు అచ్చు మిషను పక్కన నిలబడి పనిచేశారు. ఆ చప్పుడుకి చెవులు మొద్దుబారి, ప్రతి మాటకీ "ఆఁ?" అనడం అలవాటైంది. టీ తాగుతారా అన్నా "ఆఁ?", ఇల్లు తగలబడుతోంది అన్నా "ఆఁ?". పెళ్లయిన కొత్తలో నేను ఎంత ముద్దుగా మాట్లాడేదాన్నో ఆయనకి ఇప్పటికీ తెలీదు. అదే మాట రెండోసారి అరిచి చెబితే అందులో ముద్దు ఎక్కడ మిగులుతుంది?

అలాంటి మనిషి ఉద్యోగం నుంచి దిగిన మూడో నెలలో తన చెవులు బంగారమని కనిపెట్టారు.

కనిపెట్టి చెప్పింది తీగలాయన. మా పై అంతస్తులో ఉంటారు. టీవీలు, స్పీకర్లు బాగుచేస్తారు. ఏ జేబులో చెయ్యి పెట్టినా ఒక వైరు బయటికొస్తుంది. చెమట పట్టిందని రుమాలు కోసం తడుముకుని, మూరెడు వైరు లాగి మొహం తుడుచుకోబోవడం నేను కళ్లారా చూశాను. నన్ను చెల్లెమ్మా అంటారు, ఆ లెక్కన మా ఆయన్ని బావా అంటారు.

ఒకరోజు ఈ బావా బావమరుదులు ఒక అట్టపెట్టెను పసిబిడ్డలా ఎత్తుకొచ్చారు. అట్టపెట్టెలో చెక్కపెట్టె. చెక్కపెట్టెలో తోలుసంచి. తోలుసంచిలో మెత్తటి గుడ్డ. గుడ్డ విప్పితే లోపల నల్లటి ఇటుక. దానికో బంగారు పూత మీట. జడలా అల్లిన వైరు, చివర రెండు గిన్నెలంత హెడ్‌ఫోన్లు. వయసులో ఉన్నప్పుడు నా జడ కూడా అంత లావు లేదు.

"ఏమిటండీ ఇది?"

"పాటలు పాడే యంత్రం."

"పాటలు ఫోనూ పాడుతుందిగా?"

ఇద్దరూ మొహాలు చూసుకుని నా మీద జాలిపడ్డారు. "ఫోను పాడదు చెల్లెమ్మా, గొణుగుతుంది" అన్నారు తీగలాయన.

"ఎంతయింది?"

"కళకి ధర కడతావా?" అని మండిపడ్డారు మా ఆయన.

"నేను కట్టలేదండీ, కొట్టువాడు కట్టాడుగా. ఎంత కట్టాడూ అంటున్నా."

"ఆఁ?" అన్నారు. చూశారా, ఆ చెవుడు ఆయనకి ఎంత అందివస్తుందో!

సరే, పాట వినిపిస్తారేమో అని చెయ్యి తుడుచుకుని కూర్చున్నాను. అప్పుడే వినకూడదట. కొత్త యంత్రం మొదటి నూరు గంటలూ తనంతట తాను పాడుకుని గొంతు సర్దుకోవాలట, మనిషి చెవి తగలకూడదట. అందుకని దాన్ని అలమరలో పెట్టి తలుపు వేశారు. అలా మా ఇంట్లో నాలుగు రోజులు రాత్రీ పగలూ దుప్పట్లు సంగీతం విన్నాయి.

నూరు గంటలు నిండాయి. మా ఆయన స్నానం చేసి, తల దువ్వుకుని, పెళ్లిచూపులకి వెళ్లినట్టు కూర్చుని ఆ గిన్నెలు చెవులకి తగిలించుకున్నారు. కళ్లు మూసుకున్నారు. పది నిమిషాలయ్యాక కళ్లు తెరిచి అన్న మొదటి మాట ఇది:

"నీ మిషను తీసెయ్యాలి."

"ఎక్కడినుంచి?"

"ఈ గదిలోంచి. దాని టకటక నా సంగీతంలోకి వచ్చేస్తోంది. గాయకుడు ఊపిరి తీసుకునే చోట నువ్వు చొక్కా కాలరు కుడుతున్నావు. మెట్ల కింద బోలెడు చోటుంది, అక్కడ పెట్టుకో."

మా వెనకగది గురించి మీకు చెప్పాలి. ఇంట్లో నిండా వెలుతురు వచ్చే కిటికీ అదొక్కటే. ఈ వయసులో సూదిలోకి దారం ఎక్కాలంటే నాకు ఆ కిటికీయే కళ్లద్దం. పదకొండేళ్లుగా ఆ కిటికీ ముందు కూర్చునే మా వీధి చివరి బడికి యూనిఫారాలు కుడుతున్నాను. వచ్చే సోమవారం బడి తెరుస్తారు. అరవై చొక్కాలు కుట్టాలి, అప్పటికి ఇరవై రెండే అయ్యాయి. ఒక్కరోజు ఆలస్యమైనా ఇకమీదట పని వేరేవాళ్లకి ఇచ్చేస్తానని హెడ్‌మాస్టరమ్మ మొహం మీదే చెప్పింది. మెట్ల కింద కూర్చుంటే చొక్కాకి చేతులు ఎక్కడ పెట్టాలో నాకే తెలీదు, పాపం పిల్లలు మోచేతులు జేబుల్లోంచి బయటికి పెట్టుకోవాల్సొస్తుంది.

"నేను కదలను" అన్నాను.

"ఇది మామూలు చెవి కాదే! ఈ యంత్రానికీ ఫోనుకీ తేడా కళ్లు మూసుకుని చెప్పే చెవి. దీనికి నిశ్శబ్దం కావాలి."

"నిన్న కుక్కరు ఏడు కూతలు కూస్తే పక్కనే ఉండి వినలేదు. బంగారు చెవేనా అది?"

"కుక్కరులో సంగీతం లేదు."

"మాడిన వాసన మాత్రం ఉంది."

ఇలా మేం అంటూ ఉండగానే మా కోడలు డ్యూటీ నుంచి వచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో పని. తక్కువ మాట్లాడుతుంది. ఎవరేం చెప్పినా, "ఎలా తెలుసు?" అని అడిగే పిల్ల. ఆ అమ్మాయి చెప్పులు విప్పుతూనే అంతా వింది.

"మామయ్యగారూ, కళ్లు మూసుకుని చెప్తానంటున్నారుగా? చెప్పండి మరి. ఒకటే పాట, ఒకటే హెడ్‌ఫోన్లు. వైరు ఒకసారి దీనికి, ఒకసారి ఫోనుకి. అయిదుసార్లు పెడదాం. మూడు కరెక్టయితే అత్తయ్య మిషను బయటికి. మూడు తప్పయితే మీరే బయటికి."

"ఇంట్లోంచా?" అన్నారు కంగారుగా.

"గదిలోంచి, మామయ్యగారూ."

పౌరుషానికి పోయి సరేనన్నారు. కానీ ఒక షరతు పెట్టారు. పరీక్షకి నిపుణుడు ఉండాలి, ఆ నిపుణుడు తీగలాయనే అయ్యుండాలి. నేనూ సరేనన్నాను. ఎందుకు అడిగారో అప్పుడు నాకేం తెలుసు!

అసలు సంగతి తర్వాత తీగలాయనే ఒప్పుకున్నారు. ఆ సాయంత్రమే ఇద్దరూ టీకొట్టు బెంచీ మీద కూర్చుని ఒప్పందం చేసుకున్నారట. వైరు ఇటుకకి పెడితే ఒక దగ్గు. ఫోనుకి పెడితే రెండు దగ్గులు. అక్కడే రిహార్సలు కూడా వేసుకున్నారట. ఈయన దగ్గడం, ఆయన కళ్లు మూసుకుని చెప్పడం. పదికి పదీ కరెక్టేనట! టీకొట్టువాడు జాలిపడి ఒక మిరియాల టీ ఊరికే ఇచ్చాడట.

ఆదివారం పొద్దున్న పరీక్ష. వెనకగదిలో కుర్చీ వేశాం. నా దగ్గరున్న యూనిఫారం గుడ్డ ముక్కతోనే ఆయన కళ్లకి గంతలు కట్టాను. కోడలు కాగితం, పెన్ను పట్టుకుంది. వైరు మార్చే పని నాది. తీగలాయన రెండడుగుల దూరంలో స్టూలు మీద గొంతు సవరించుకుంటూ కూర్చున్నారు.

మొదటిసారి వైరు ఇటుకకి పెట్టాను. పాట మొదలైంది.

తీగలాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఖళ్" అని ఒకసారి దగ్గారు.

మా ఆయన కదల్లేదు.

"ఖళ్ళ్!" అన్నారు ఇంకాస్త గట్టిగా.

మా ఆయన తల ఊపుతూ, "ఇంకాస్త వింటాను" అని కేకేశారు. చెవులు మూసుకున్న మనిషికి తన గొంతు తనకి తెలీదుగా, ఎదుటింటివాళ్లకి చెప్పినట్టు చెప్పారు.

పల్లవి అయింది, చరణం అయింది, మళ్లీ పల్లవి వచ్చింది. ఈయన ఆగి ఆగి ఒక్కొక్క దగ్గే దగ్గుతూ ఉన్నారు, ఆయన ఎదురుచూస్తూనే ఉన్నారు. అదీ వాళ్ల తెలివి! టీకొట్టు దగ్గర వట్టి చెవులతో రిహార్సలు వేసుకున్నారు గానీ, ఆ గిన్నెలు తగిలించుకుంటే పిడుగు పడ్డా వినపడదన్న సంగతి ఇద్దరు నిపుణులకీ తట్టలేదు.

"టైమైపోయింది మామయ్యగారూ" అని కోడలు భుజం తట్టింది.

"ఫోను!" అన్నారు.

కోడలు కాగితం మీద ఒక ఇంటూ పెట్టింది. తీగలాయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

రెండోసారి ఫోనుకి పెట్టాను. ఈసారి తీగలాయన పంతం పట్టారు. స్టూలు ముందుకి జరుపుకుని, హెడ్‌ఫోను పక్కకి మూతి పెట్టి, రెండు దగ్గులు దగ్గారు. గోడ మీది క్యాలెండరు ఊగింది. ఆ రెండూ అబద్ధపు దగ్గులే. ఆ తర్వాతవి మాత్రం నిజం. తీగ తెగినట్టు ఒకటే దగ్గు, మొహం ఎర్రబడింది, కళ్లమ్మట నీళ్లు. ఎదుటింటావిడ చెంబుతో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నేను వీపు రాస్తున్నాను. కోడలు నాడి పట్టుకుని చూస్తోంది.

మధ్యలో మా ఆయన మాత్రం చిరునవ్వుతో ఊగుతూ, "ఆహా! గాయకుడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది! గొణుగుడు కాదిది, గానం! ఇదే నా యంత్రం!" అని వీధంతా వినేలా చెప్పారు.

పక్కన మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే వినపడలేదు గానీ గాయకుడి ఊపిరి వినపడిందట!

రెండో ఇంటూ.

వీపు రాస్తున్నప్పుడే నాకు వెలిగింది. ఇటుకకి ఒకటి, ఫోనుకి రెండు. అరవై చొక్కాల కొలతలు తలలో పెట్టుకునేదాన్ని, దగ్గులు లెక్కపెట్టలేనా? ఓహో, ఇద్దరూ కలిసి నా చెవిలో పువ్వులు పెడదామనుకున్నారా!

మూడోసారి వైరు చేతిలోకి తీసుకున్నాను. ఇటుక వైపు చూశాను. ఫోను వైపు చూశాను. రెండూ పక్కన పెట్టి, మిషను మీద గుండుసూదులు గుచ్చుకునే మెత్త ఉంటుందే, దానికి కసుక్కున గుచ్చాను.

తీగలాయన నోరు తెరిచారు. దగ్గడానికే తెరిచారు. కానీ ఎన్ని దగ్గాలి? మెత్తకి ఎన్ని దగ్గులో ఒప్పందంలో లేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

గదిలో చడీచప్పుడు లేదు. మా ఆయన మొహంలోకి మెల్లమెల్లగా ఒక వెలుగొచ్చింది. ఒక వేలు పైకెత్తారు.

"విన్నారా?" అన్నారు, ఈసారి గొంతు తగ్గించి. "పాట మొదలయ్యే ముందు ఆ నిశ్శబ్దం విన్నారా? ఎంత లోతు! ఎంత శుభ్రం! ఫోనుకి ఇలాంటి నిశ్శబ్దం జన్మలో రాదు. డబ్బు పెట్టింది దీనికే! ఇదే, ఇదే నా యంత్రం!"

కోడలు మూడో ఇంటూ పెట్టి, వెళ్లి గంతలు విప్పింది. మా ఆయన జడవైరు పట్టుకుని చూపుతో దాని వెంట నడుచుకుంటూ వెళ్లారు. కొస దగ్గర మెత్త. మెత్త నిండా సూదులు. సూదుల మధ్య బంగారు పూత పిన్ను నిటారుగా.

"నిశ్శబ్దం బావుందాండీ?" అన్నాను. "అది నేను కుట్టిందే. లోపల పాత గుడ్డపేలికలు."

ఎదుటింటావిడ చెంబు కింద పెట్టి మరీ నవ్వింది.

మా ఆయన ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "ఇది మోసం!" అని లేచారు.

"మామయ్యగారూ, ఒక్కమాట" అంది కోడలు, చాలా మర్యాదగా. "అంకుల్ గారు అంతలా దగ్గారు కదా, మీకు వినపడలేదా?"

ఆయన తీగలాయన వైపు చూశారు. వినపడిందంటే దగ్గు సంగతి బయటపడుతుంది. ఛాతీ విరుచుకుని, "ఏ దగ్గు? నాకేం వినపడలేదు. ఈ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చీమ చిటుక్కుమన్నా లోపలికి రాదు. ఏమనుకున్నావు మరి!" అన్నారు.

"మరి అత్తయ్య మిషను ఎలా వినపడింది?"

ఈసారి గదిలోకి వచ్చిన నిశ్శబ్దం ఉందే, అది నిజంగా శుభ్రమైనది. డబ్బు పెట్టినా రాదు.

"బావా" అన్నారు మా ఆయన నీరసంగా.

తీగలాయన లేచి, "చెల్లెమ్మా, ఇంకాసిని మంచినీళ్లు" అంటూ వంటింట్లోకి జారుకున్నారు.

ఇంక దాచి లాభం లేదనుకున్నారో ఏమో, నిజం నసిగారు. మిషను చప్పుడు అసలెప్పుడూ వినపడలేదట. ఆ కిటికీ పక్కన మంచం వేసుకుని, మధ్యాహ్నం గాలికి ఇటుక గుండెల మీద పెట్టుకుని నిద్రపోవాలని కోరికట. నలభై రెండేళ్లు అచ్చు మిషను పక్కన నిలబడ్డ మనిషికి కిటికీ పక్కన పడుకోవాలని ఉండదా అన్నారు. అలా అడిగితే నా మనసు కరగదా చెప్పండి? కరిగింది. కాకపోతే సోమవారానికి ఒక్కరోజే ఉంది, ఇంకా పది చొక్కాలు కుట్టాలి, కుట్టినవాటికి గుండీలు అలాగే ఉన్నాయి.

"పడుకుందురుగాని, ముందు కూర్చోండి" అని కిటికీ పక్కనే స్టూలు వేశాను. "పాట చెవులకి, చేతులకి కాదుగా? గుండీలు కుట్టండి."

కుట్టారు. బాగానే కుట్టారు, అక్షరాలు పేర్చినట్టు వరసగా. కానీ ఒక చిక్కొచ్చింది. ఆ గిన్నెలు చెవులకి పెట్టుకుంటే ఆయనలోని గాయకుడు బయటికొస్తాడు. ఏం పాడుతున్నారో ఆయనకి వినపడదు, వినపడేది నాకు. మూడు చొక్కాలకి కాలరు తలకిందులైంది. మిషను ఆపి, లేచి, ఆయన తలమీంచి హెడ్‌ఫోన్లు తీసి నా తలకి పెట్టుకున్నాను.

అబ్బ! అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ ఇటుక అద్భుతంగా పాడుతుందండీ. తబలా నా మోకాలి దగ్గరే ఎవరో వాయిస్తున్నట్టుంది. పాట నడకతో నా కాలూ నడిచింది, మిషను పరుగెత్తింది, అరవై చొక్కాలూ సోమవారం తొమ్మిదింటికల్లా బడికి చేరాయి.

ఇప్పుడు రోజూ అదే వరస. నేను పాట, ఆయన గుండీలు. నిన్న మధ్యాహ్నం స్టూలు మీంచి నా వైపు వంగి ఏదో అంటున్నారు. పెదాలు కదులుతున్నాయి, చేత్తో మిషను చూపించి చెవులు మూసుకుంటున్నారు, ఇటుక చూపించి దణ్ణం పెడుతున్నారు.

నేను ఒక గిన్నె కాస్త పక్కకి జరిపి, నలభై ఏళ్లుగా నేర్చుకున్న జవాబే చెప్పాను.

"ఆఁ?"