మెరుపుబాల నడుము

ఒక పెద్ద అడవిలో గేముల కంపెనీ పెట్టారు. నవ్వకండి. మన ఊళ్ళో పెట్టినప్పుడు అడవి జంతువులేమైనా నవ్వాయా?

కంపెనీ ఓ చీకటి గుహలో ఉండేది. గుహ గోడకి నున్నటి రాతిపలక, అదే తెర. వేలకొద్దీ మిణుగురు పురుగులు ఆ పలక మీద బారులు తీరి కూర్చుని, వెలుగుతూ ఆరుతూ బొమ్మ కట్టేవి. ముందు నేలలో పాతిన గులకరాళ్ళని గిట్టతో నొక్కితే తెర మీద బొమ్మ కదిలేది. లేడిపిల్లలకి అదంటే పిచ్చి. మేత మానేసైనా అక్కడికి పరుగెత్తేవి.

యజమాని వ్యాఘ్రేశ్వరరావు గారు, పులి. లేడిపిల్లల ఆటకి పులి పెట్టుబడి పెట్టడమేమిటని మీకు అనుమానం రావచ్చు. అడవిలోనూ వచ్చింది గానీ, అడిగేంత దగ్గరికి వెళ్ళిన వాళ్ళు లేరు. కంపెనీలో ఒక నిబంధన మాత్రం ఉంది. గుహలో ఉన్నంతసేపు ఎవరూ ఎవరినీ తినకూడదు. ఆయన దాన్ని తు.చ. తప్పకుండా పాటించేవారు. గుమ్మం దాటాక ఎవరి బతుకు వాళ్ళది.

చుక్కమ్మ అనే లేడికి అక్కడే ఉద్యోగం. ఆమె పని పరుగెత్తడం. కొన్ని మిణుగురులు ఆమె కీళ్ళ మీదా వెన్ను మీదా కూర్చునేవి. ఆమె ఎలా కదిలితే తెర మీద పురుగులు బొమ్మని అలా కదిపేవి. కొత్త గేము పేరు ‘పరుగో పరుగు’. అందులో మెరుపుబాల అనే ఆడలేడి పులి బారి నుంచి తప్పించుకోవాలి. చుక్కమ్మ ఈ ఉద్యోగానికి ఒప్పుకున్నదే దానికోసం.

ఎందుకంటే ఆమె తొలిచూలు పిల్లని పులి ఎత్తుకుపోయింది. ఏ పులి అని ఆమె ఎన్నడూ పైకి అనలేదు. ఆ అడవిలో ఉన్నది ఒక్కటే పులి. ఇప్పుడు మిగిలింది చిగురు అనే కూతురు. తల్లి నోటితో చెబితే చెవిన పెట్టని వయసు దానిది. అమ్మ మాట వినకపోయినా మెరుపుబాలని చూసైనా పరుగు నేర్చుకుంటుందని చుక్కమ్మ ఆశ.

ఓ రోజు బొమ్మ తయారైందని అందరినీ తెర ముందుకి పిలిచారు. బొమ్మ గీయించింది డిజైన్ పెద్ద కలాపి గారు. నెమలి. తన నీడ ఎదురైనా ఆగి మెచ్చుకునే రకం. పక్కన ప్రచారం చూసే గున్నయ్య అనే నక్క, అభ్యంతరాల విభాగం చూసే బంగారయ్య అనే ఎలుగుబంటి. ఈ విభాగంలో పని తక్కువ, నిద్ర ఎక్కువ.

తెర వెలిగింది. చుక్కమ్మ నోట్లో నెమరు నోట్లోనే ఆగిపోయింది.

మొహంలో సగం కళ్ళే. మెడ చూస్తే నెమలి మెడ. కాళ్ళు రెల్లుపుల్లలు. ఛాతీ మాత్రం ఎదుటి కొండని గుద్దుకునేలా ఉంది. ఇక నడుమంటారా, అక్కడ ఒకే ఒక్క మిణుగురుకి చోటు దొరికింది. ముందున్న ఒళ్ళూ వెనకున్న ఒళ్ళూ కలిపి ఆ ఒక్క పురుగు మోస్తోంది. పాపం, దాని వెలుగు గజగజ వణుకుతోంది. ఇవన్నీ చాలనట్టు వెనక పింఛంలా ఓ తోక.

“ఇదేమిటండీ?” అంది చుక్కమ్మ.

“లేడి,” అన్నాడు కలాపి.

“నేనూ లేడినేనండీ.”

“కావచ్చు. కానీ మీరు కళ కాదు కదా!”

గున్నయ్య కిసుక్కున నవ్వాడు. చుక్కమ్మ ఒళ్ళు మండింది గానీ తమాయించుకుంది. “అయ్యా, మాది నెమరేసే జాతి. కడుపులో నాలుగు గదులు. ఈ నడుంలో ఒక్క గదైనా పడుతుందా? తిన్న గడ్డి ఎక్కడికి పోవాలి?”

“మెరుపుబాల తినదు,” అన్నాడు కలాపి.

“తినకపోతే పరుగెలా వస్తుంది?”

“అందం నుంచి వస్తుంది.”

“ఆ తోకేమిటి మరి? మీ ఇంట్లో ఆవిడకి ఉందా అలాంటి తోక?”

“లేదు కాబట్టే ఇక్కడ పెట్టుకున్నాను!” అని కలాపి కస్సుమన్నాడు. “ఆడదానికి అందం ఎక్కడుండాలో నాకు నేర్పుతారా? నేను రోజూ నీళ్ళలో చూసుకుంటాను.”

చుక్కమ్మ అభ్యంతరాల విభాగం వైపు తిరిగింది. బంగారయ్య ఒక కన్ను తెరిచి, “పరిశీలిస్తాం,” అని మళ్ళీ మూసుకున్నాడు.

సరే, పరీక్ష మొదలైంది. చుక్కమ్మ గుహ ఆ చివర నుంచి ఈ చివరకి దూకింది. తెర మీద మెరుపుబాలా దూకబోయింది. నడుం దగ్గర పురుగు “అమ్మో!” అని ఎగిరిపోయింది. ముందు సగం ముందుకీ వెనక సగం వెనక్కీ పడిపోయాయి. మళ్ళీ చేశారు. మళ్ళీ రెండు ముక్కలు. ఎన్నిసార్లు చేసినా అదే వరస.

“చూశారా? నడుం కాస్త పెంచండి,” అంది చుక్కమ్మ.

“నడుం జోలికి రావద్దు. పరుగు తీసేయండి,” అన్నాడు కలాపి.

“పరుగు తీసేస్తే ‘పరుగో పరుగు’లో ఏముంటుందండీ?”

దానికి గున్నయ్య దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నక్క కదా మరి. “మెరుపుబాల నిలబడుతుంది. పులి వస్తుంది. ఈమె ఓ పక్కకి ఒరిగి, మెడ తిప్పి, ఓరగా ఓ చూపు చూస్తుంది. పులి మూర్ఛపోతుంది. గెలుపు!”

కలాపి పింఛం విప్పి చప్పట్లు కొట్టినంత పని చేశాడు. కబురు యజమాని గారికి వెళ్ళింది. “ఆటలో నన్నెన్నిసార్లు పడగొట్టినా నాకేం అభ్యంతరం లేదు,” అన్నారట ఆయన, ఎంతో పెద్దమనసుతో.

గేము విడుదలైంది. అడవి ఊగిపోయింది. ఏ పొద దగ్గర చూసినా లేడిపిల్లలు ఒంటికాలి మీద ఒరిగి, మెడలు తిప్పి, ఓరగా చూస్తూ నిలబడేవి. గడ్డి ముట్టవు. చివుళ్ళు వాసన చూసి వదిలేస్తాయి. చిగురైతే పొట్టని లోపలికి పీల్చుకుని, ఊపిరి బిగబట్టి మరీ నడిచేది.

“రెండు పరకలు తినవే తల్లీ, నా బంగారం కదూ,” అని చుక్కమ్మ బతిమాలేది.

“నీలా అవ్వమంటావా?”

ఆ మాట చుక్కమ్మకి ములుకులా దిగింది. తనలా అవ్వడమంటే ఏమిటి? ఈ కాళ్ళతో ఎన్ని వాగులు దాటింది! ఈ పొట్టలో ఇద్దరు పిల్లల్ని మోసింది! అవన్నీ చెప్పబోయి మింగేసింది. కూతురి డొక్కలు చూసి ఏడుపొచ్చి, చెట్టు చాటుకి వెళ్ళి ఏడ్చింది.

ఓ మధ్యాహ్నం వాగు ఒడ్డున జరిగింది అసలు సంగతి. చిగురు నీళ్ళలో తన నడుం చూసుకుంటోంది. అవతల తుంగలో పసుపూ నలుపూ చారలు కదిలాయి. చుక్కమ్మ దూరం నుంచి చూసింది.

“పరిగెత్తవే!” అని కేక పెట్టింది. “చిగురూ, పరిగెత్తు!”

చిగురు పరిగెత్తలేదు. పులి వైపు తిరిగి, ఓ పక్కకి ఒరిగి, మెడ తిప్పి, ఓరగా చూసింది.

వ్యాఘ్రేశ్వరరావు గారు వచ్చి పంజా వేశారు. చుక్కమ్మ కళ్ళు మూసుకుంది. అరుపు వినపడలేదు. కళ్ళు తెరిచి చూస్తే, ఆయన పిల్లని ఇటు దొర్లించి అటు దొర్లించి, పక్కటెముకలు తడిమి, మొహం చిట్లించుకుంటున్నారు. “ఛీ, ఎముకల మూట! ఇంత దూరం పాకి వచ్చింది దీనికోసమా?” అని విసుక్కుంటూ వెళ్ళిపోయారు.

చుక్కమ్మ ఉరుక్కుంటూ వెళ్ళి కూతుర్ని నాకింది. బతికే ఉంది. వణుకుతోంది కూడా. కానీ ఆ కళ్ళలో ఏదో వెలుగు.

“చూశావా అమ్మా? పనిచేసింది!” అంది చిగురు.

ఏం చెబుతుంది చెప్పండి, కన్నతల్లి? తిననందుకే బతికిన పిల్లకి తినమని ఎలా చెప్పడం?

మర్నాడు గుహలో అత్యవసర సమావేశం. వ్యాఘ్రేశ్వరరావు గారి చెంపలు కాస్త లోపలికి పోయి ఉన్నాయి. పాపం, చాన్నాళ్ళుగా ఆయనకి ఎక్కడ చూసినా ఎముకల మూటలే తగులుతున్నాయి మరి.

“ఈ మెరుపుబాల బొమ్మ నాకు నచ్చలేదు. ఆడపిల్లల మీద ఎంత చెడు ప్రభావం! లేడి లేడిలా ఉండాలి. వాస్తవికత కావాలి,” అన్నారాయన.

“అదే నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నాను!” అన్నాడు కలాపి.



“తొడలు నిండుగా ఉండాలి,” అని యజమాని గారు కళ్ళు అరమోడ్చారు. “పక్కలు కండపట్టి ఉండాలి. మెడ దగ్గర కాస్త… మెత్తగా.” గుటక పడింది. గుహంతా వినపడింది.

బంగారయ్య నిద్ర లేచి, “ఈ అభ్యంతరం న్యాయమైనది,” అన్నాడు. గున్నయ్య అప్పటికప్పుడు నినాదం కట్టేశాడు: ‘లేడికి లేడి ఒళ్ళు! మా సంస్థ సాహసోపేత నిర్ణయం!’ అందరూ చుక్కమ్మని చుట్టుముట్టారు. నమూనాకి ఆమె ఒళ్ళే కావాలట. నిన్నటిదాకా కళ కాని ఒళ్ళు!

చుక్కమ్మకి ఆ గుటక చెవిలోంచి పోలేదు. ఆమెకి అంతా అర్థమైంది. కాదంటే చిగురు ఆకలితో పోతుంది. అవునంటే ఈయన నోట్లోకి పోతుంది. కాసేపు నెమరేసింది.

“ఒళ్ళు ఇస్తానండీ. కానీ ఒళ్ళు నాదైతే పరుగూ నాదే పెట్టాలి. వాస్తవికత అన్నారు కదా,” అంది వినయంగా.

యజమాని గారి ధ్యాసంతా తొడల మీద ఉంది. “పెట్టుకో, పెట్టుకో,” అన్నారు.

చుక్కమ్మ ఆ గుహలో ప్రాణం పెట్టి పరుగెత్తింది. వాగు మీంచి దూకడం, పొద దగ్గర వంకర తిరగడం, వెనక్కి చూడకుండా చెవులు వెనక్కి పెట్టి వినడం, గాలి ఎటునుంచి వీస్తోందో పసిగట్టడం, ఒక్కటీ వదలకుండా పెట్టింది. మెరుపుబాలకి ఇప్పుడు నడుం దగ్గర బోలెడు మిణుగురులు. అంతకుముందు ఒంటరిగా నడుం మోసిన పురుగు ఊపిరి పీల్చుకుంది. మెడ తిప్పే కిటుకు తీసేశారు. గేములో గడ్డి మేస్తేనే బలం, పరుగెత్తితేనే గెలుపు.

ముందు పెద్ద గోల లేచింది. “మెరుపుబాల లావైపోయింది! మా చిన్ననాటి జ్ఞాపకాలు నాశనం చేశారు!” అని కొండముచ్చుల గుంపు చెట్ల కొమ్మలు విరిచి ఊరేగింపు చేసింది. అవి పుట్టి బుద్ధెరిగాక చెట్టు దిగి పులి ముందు పరిగెత్తింది లేదు. గున్నయ్య భయపడ్డాడు గానీ, యజమాని గారి మాటకి తిరుగుందా?

లేడిపిల్లలూ మొదట మూతులు ముడుచుకున్నాయి. కానీ గేము గెలవాలంటే మరో దారి లేదు. గెలవడం మొదలెట్టాక ఆకలేసింది. చిగురు ఓ పొద్దున తల్లి పక్కకి వచ్చి, ఏమీ ఎరగనట్టు, చివుళ్ళ కొమ్మ మొత్తం దూసి తినేసింది. చుక్కమ్మ అటు తిరిగి వేరే ఏదో చూస్తున్నట్టు నటించింది. కదిపితే మానేస్తుందేమోనని భయం.

వర్షాలు వెలిసేసరికి పిల్లలన్నీ నిగనిగలాడుతున్నాయి. వ్యాఘ్రేశ్వరరావు గారు ఆ వాగు ఒడ్డుకే వచ్చారు, అదే తుంగలోకి.

చిగురు తలెత్తింది. పులిని చూసింది. ఒక్క క్షణం, పాత అలవాటు చావక, మెడ అలా పక్కకి తిరిగింది. గట్టు మీంచి చుక్కమ్మ చూస్తోంది. అంతలో ఆ పిల్ల చెవులు వెనక్కి వాలాయి.

అంతే, దూకింది! వాగు దాటింది, పొద దగ్గర వంకర తిరిగింది, గాలికి ఎదురుగా పరుగు తీసి కనుచూపు మేరలో లేకుండా పోయింది. చుక్కమ్మ పరుగే, కాకపోతే ఇంకాస్త జోరు. యజమాని గారు వాగులో నడుములోతు నీళ్ళలో నిలబడి రొప్పుతున్నారు. చుక్కమ్మ గట్టు మీద నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది.

సాయంత్రం యజమాని గారి కేకకి గుహ దద్దరిల్లింది. “దానికి పరుగు పెట్టమన్నదెవరు?”

“వాస్తవికత కావాలని తమరే సెలవిచ్చారు కదండీ,” అని కలాపి నసిగాడు.

“నేనడిగింది కండ! కాళ్ళు కాదు!” అని గర్జించి, ఆయన అంతలోనే శాంతించారు. నిబంధన గుర్తొచ్చింది. “కలాపి గారూ, బయట చల్లగా ఉంది. అలా నాలుగడుగులు వేద్దాం రండి.”

గుమ్మం దాటాక ఏం జరిగిందో గున్నయ్య పొద చాటు నుంచి చూశాడు. కలాపి రెక్కలు విదిలించి ఎగిరిపోవచ్చు, చెట్టు దగ్గరే ఉంది. కానీ ఎగరలేదు. పింఛం విప్పి, ఓ పక్కకి ఒరిగి, మెడ తిప్పి, ఓరగా చూశాడు.

పులి మూర్ఛపోలేదు.

నీతి కావాలనేవాళ్ళకి నాకు తోచింది ఇదీ: లేడి ఒళ్ళు ఎలా ఉండాలో లేడిని ఎవరూ అడగరు, అడిగిన రోజున ఎవరికో ఆకలేస్తోందని గ్రహించి కాళ్ళు సిద్ధం చేసుకోవాలి.